కిటికీ పన్ను కట్టించిన వసారా

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియానికి దగ్గర్లోనే స్ట్రీతమ్ వీధిలో 1850 నాటి ఇటుక మేడ ఒకటుంది. వీధి వైపు నుంచి చూస్తే పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా బిగుసుకుని నిలబడి ఉంటుంది. 'కుటుంబాలకు ఆదర్శ గృహాలు' అని ఇంగ్లిషులో నుదుటి రాత కూడా ఉంది. దాని అందమంతా లోపల, లోగిలి వైపు. అంతస్తు అంతస్తుకీ బారుగా ఒక వసారా, దానికి కమానులు, కాలి కింద పలకరాయి. ఏ ఇంటి తలుపు తీసినా ఆ వసారాలోకే.

కూలినాలి జనానికి మంచి ఇళ్లు కట్టాలని పుట్టిన సంఘం ఒకటి దీన్ని కట్టించింది. సంఘానికి అధ్యక్షుడు విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్. ప్లాను గీసినవాడు హెన్రీ రాబర్ట్స్. వసారా అతను సొగసు కోసం పెట్టలేదు. ఇంగ్లండులో అప్పుడు కిటికీలకు పన్ను ఉండేది, 1696 నుంచీ. ఎనిమిది కిటికీల లోపు ఇళ్లకు మాత్రం మాఫీ. లోపలి మెట్ల మీదుగా అందరూ ఎక్కిదిగితే మేడ మొత్తం ఒకే ఇల్లు, కిటికీలన్నీ ఒకే పద్దు. గుమ్మాలు ఆరుబయటికి తెరుచుకుంటే ఏ ఇంటికా ఇల్లే! సర్కారు పద్దులోని సందు చూసి గోడ లేపడమంటే ఇదే. చిత్రమేమంటే మేడ లేచిన మరుసటి ఏడే, 1851లో, ఆ పన్ను ఎత్తేశారు.

రెండో కారణం రోగభయం. 1848-49లో కలరా లండన్‌ను ఊడ్చేసింది. అది చెడుగాలి వల్ల వస్తుందని పెద్దల నమ్మకం. నీళ్లలో ఉందేమో చూడండని జాన్ స్నో అనే వైద్యుడు 1849లోనే చిన్న పుస్తకం రాస్తే పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. అందుకే లోపలి ఉమ్మడి నడవలు వద్దు, మూసిన మెట్లు వద్దు, ఇంటింటికీ విడిగా గాలి తగలాలి అనుకున్నారు. కారణం తప్పయినా ఇల్లు మంచిదే వచ్చింది. నన్నడిగితే అసలు మేలు గాలిలో లేదు, రాబర్ట్స్ ప్రతి వాటాకూ విడిగా ఇచ్చిన మరుగుదొడ్డిలో, అంట్లు తోమే తొట్టిలో ఉంది.

కుటుంబాలను ఎడంగా ఉంచాలని వేసిన వసారా మరి వాటిని కలపకుండా ఉంటుందా? పక్కింటివాళ్లు రోజూ మన గుమ్మం ముందు నుంచే నడవాలి. బొంబాయిలో వసారా వెంట వరసగా గదులుండే చాళ్లలో బతికిన తెలుగువాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కామాఠీపురా అన్న పేరే నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. అక్కడి చాళ్లు లండన్‌ను చూసి కట్టినవని నేననను. ఎండావానల దేశంలో వసారా ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. కానీ చాళ్లలో మరుగుదొడ్లు వసారా చివర ఉమ్మడిగా ఉండేవి, పొద్దున్నే చెంబుతో వరస. వసారాకి నాలుగు దూలాలు, కాస్త చెక్క ఉంటే చాలు. ఇంటింటికీ గొట్టం వేయాలంటేనే యజమానికి చెయ్యి రాదు.