ముట్టుకోండి, కాపీ పెట్టుకోండి



మన హాస్టల్ ఆఫీసు గదిలో కిటికీ పక్కన బల్ల మీద ఒక పాత కంప్యూటర్ ఉండేది. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. దాని మీద పువ్వుల గుడ్డ కప్పేవారు. ఆ గుడ్డకు పిన్నుతో గుచ్చిన కాగితం మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు: "ముట్టుకోరాదు". ఎవరు రాశారో తెలియదు. పాడైపోతుందన్న భయంతోనే రాసి ఉంటారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఆ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. మా నాయనమ్మ తన చిన్నతనంలో ఊరి బావి దగ్గర విన్న మాట అది.

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మొదట కవిత రాద్దామనుకున్నాను. రెండు రోజులు కూర్చున్నా నాలుగు పాదాలు రాలేదు. నాకు వచ్చిన పని ఒకటి ఉంది. పాడైన కంప్యూటర్ ముందు కంగారు పడకుండా కూర్చోవడం. నేను కంప్యూటర్ కోర్సు చదివినదాన్ని కాదు, ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థినిని. నేర్చుకున్నదంతా ఆ పువ్వుల గుడ్డ కింది మిషన్ దగ్గరే. మూడు సంఘటనలు చెబుతాను. మొదటి రెండూ సంతోషంగా చెప్పుకోదగ్గవి. మూడోది నా తప్పు. నిజం చెప్పాలంటే ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

మొదటిది 2019 నాటిది. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. సాయంత్రం ఆరు దాటింది. నెట్ సెంటర్ నాలుగు కిలోమీటర్ల దూరం. పద్నాలుగు మందిమి సర్టిఫికెట్లు చేత పట్టుకుని ఆఫీసు గది ముందు నిలబడ్డాం. వార్డెన్ మేడం గుడ్డ తీసి కంప్యూటర్ ఆన్ చేశారు. వెబ్‌సైట్ తెరవబోతే ఎర్రటి గుర్తు, ఇంగ్లీషులో ఏవో నాలుగు వరుసలు. మూసి తెరిచాం. డాంగిల్ తీసి పెట్టాం. మళ్లీ అదే. "వైరస్ వచ్చినట్టుంది" అన్నారు మేడం. ఒకరిద్దరికి ఏడుపొచ్చేసింది.

అప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అక్క వచ్చింది. ఏమీ నొక్కలేదు. కుర్చీలో కూర్చుని తెర మీద ఉన్న ఇంగ్లీషును వేలు పెట్టి మెల్లగా చదివింది. "మేడం, గడియారం వెనకబడి ఉందని రాశాడు చూడండి" అంది. కింద మూలన తేదీ చూస్తే 2009 జనవరి 1. తేదీ, సమయం సరిచేసింది. సైట్ తెరుచుకుంది. రాత్రి పదకొండుకల్లా పద్నాలుగు మందివీ పూర్తయ్యాయి.

అసలు సంగతి తర్వాత తెలిసింది. కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవడానికి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుంది. సి.ఆర్. 2032 అంటారు, మూడు వోల్టులది. అది అయిపోతే కంప్యూటర్ ఆఫ్ చేసిన ప్రతిసారీ తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. వెబ్‌సైట్ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. మన మిషన్ ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే ఆ పత్రం చెల్లదని ఆపేస్తుంది. కొత్త సెల్ ముప్పై రూపాయలకు వాచీల కొట్లో దొరికింది.

ఆ రాత్రి నాకు సిగ్గేసింది. జవాబు తెర మీదే ఉంది. ఇంగ్లీషు అనగానే చదవకుండా మూసేసే అలవాటు మాది. చెల్లెళ్లారా, మొదటి పాఠం ఇదే. ఏదైనా డబ్బా వస్తే వెంటనే ఓకే కొట్టకండి. అర్థం కాకపోయినా ఉన్నది ఉన్నట్టు నోట్సులో రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయండి. రిపేరుకు అదే సగం దారి. మర్నాడు మేడం ఆ "ముట్టుకోరాదు" కాగితం తీసేశారు. ఎవరూ ఏమీ అనలేదు, ఆవిడే తీసేశారు.

రెండోది కరోనా తర్వాతి మాట. 2020 మార్చిలో హాస్టల్ మూసేశారు. మళ్లీ మేము వచ్చి ఆ గది తెరిచేసరికి 2021. బల్ల నిండా ఎలుక పెంటికలు, వేలెడు దుమ్ము. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. లోపలి నుంచి బీప్, బీప్ అని ఒకటే అరుపు. రిపేరు షాపతను ఫోన్లోనే "మదర్‌బోర్డు పోయుంటుంది, కొత్తది కొనుక్కోవడం మేలు" అన్నాడు.

ఆ అక్క అప్పటికి పీజీలో చేరి మళ్లీ మన హాస్టల్‌కే వచ్చింది. "తెర పనిచేయనప్పుడు మిషన్‌కు మాట్లాడే దారి ఆ బీప్ ఒక్కటే. మనల్ని పిలుస్తోంది" అంది. ఎన్ని బీప్‌లకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది. కానీ చాలా పాత మిషన్లలో ఆగకుండా బీప్ వస్తే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌నే. మేడం దగ్గర అనుమతి తీసుకుని అక్క ప్లగ్గు పీకేసింది. పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టింది, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. డబ్బా ఇనుప భాగాన్ని చేత్తో తాకింది, ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి. పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపింది. ఫ్యాన్ గిర్రున తిరగకుండా పెన్సిల్ అడ్డం పెట్టి తుడిచింది. ర్యామ్ ముక్కను బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును మనం పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్దింది. పొట్టు ఊడ్చేసి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనే దాకా నొక్కింది. ఆన్ చేయగానే తెర వెలిగింది. మదర్‌బోర్డు ఖర్చు ఐదు రూపాయల రబ్బరుతో తీరింది.

అక్క ఆ రోజు చెప్పిన వరుస నేను ఇప్పటికీ తప్పను. బయటి నుంచి లోపలికి, ఖర్చు లేనిదాని నుంచి ఖర్చయ్యేదానికి. ముందు గోడ ప్లగ్గు, తర్వాత తీగలు, తర్వాత మానిటర్ స్విచ్, ఆ తర్వాతే డబ్బా లోపల. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తీగ వదులైందని చూసుకోకుండా మెకానిక్ కోసం తిరిగిన సందర్భాలు మన హాస్టల్లోనే ఎన్నో ఉన్నాయి. ఒకసారి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగు ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ఒక్క హెచ్చరిక. కరెంటు వచ్చే ఎస్.ఎం.పి.ఎస్. అనే ఇనుప పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఇక మూడోది. 2022 ఏప్రిల్. నేను డిగ్రీ మొదటి సంవత్సరం, అక్క ఎం.ఏ. చివరి సెమిస్టర్. అప్పటికి నాకు "కంప్యూటర్ పిల్ల" అని పేరొచ్చింది. ఆ పేరు కాస్త తలకెక్కింది కూడా. మిషన్ బాగా నిదానించింది. ఒక ఆదివారం అందరూ ఊళ్లకు వెళ్లినప్పుడు, విండోస్ మళ్లీ వేద్దామని కూర్చున్నాను. సి డ్రైవ్ ఫార్మాట్ చేశాను. డి డ్రైవ్ జోలికి పోలేదు కనుక ఎవరి ఫైళ్లూ పోవని నా ధీమా. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయని నాకప్పుడు తెలియదు.

డెస్క్‌టాప్ మీద అక్క ప్రాజెక్టు రిపోర్టు ఉంది. ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడవాళ్ల కూలి గురించి నాలుగు ఊళ్లు తిరిగి, డెబ్బై ఇళ్లలో అడిగి రాసింది. అరవై రెండు పేజీలు. సమర్పించడానికి ఇంకా పదకొండు రోజులే గడువు.

సోమవారం పొద్దున అక్క వచ్చి తెర చూసింది. "నా ఫైలేదే?" అంది. నాకు నోట మాట రాలేదు. చెప్పిన తర్వాత తను చాలాసేపు కుర్చీలో అలాగే కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఫైళ్లు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి చూశాం. ఫైలు పోయినప్పుడు పుస్తకంలో విషయసూచిక చింపినట్టు అవుతుంది. పేజీలు కొంతకాలం లోపల ఉంటాయి, వాటి మీద కొత్తది రాసే దాకా. అందుకే పొరపాటున ఏదైనా పోతే ఆ మిషన్‌ను వాడటం వెంటనే ఆపేయాలి. ఇప్పటి ఎస్.ఎస్.డి.లలో ఆ అవకాశం కూడా చాలావరకు ఉండదు. నేను ఆపలేదు. కొత్త విండోస్, దాని మీద ఆఫీస్, దాని మీద ఇంకేవేవో వేసేశాను. దొరికిన ఫైలు తెరిస్తే అన్నీ చుక్కలు, పెట్టెలు.

అక్క తన ఈమెయిల్ వెతికింది. ఫిబ్రవరిలో గైడ్ గారికి పంపిన మొదటి పంతొమ్మిది పేజీలు దొరికాయి. సర్వే ఫారాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తొమ్మిది రాత్రులు నలుగురం వంతులేసుకుని కూర్చున్నాం. ఒకరు చదవడం, ఒకరు కొట్టడం. పట్టికలన్నీ నేనే కొట్టాను. ఎన్ని రోజులు పని దొరికింది, ఎంత కూలి పడింది, ఎన్ని వారాలు ఆలస్యమైంది. అప్పట్లో మా అమ్మ కూడా ఆ పనికే వెళ్లేది. పొద్దున్నే పనికి ఆలస్యమవుతున్నా నిలబడి ఆ తల్లులు చెప్పిన లెక్కలను నేను ఒక్క నొక్కుతో చెరిపేశానని ఒక్కో ఫారం కొడుతుంటే తెలిసొచ్చింది.

గడువుకు ఒక రోజు ముందే రిపోర్టు ఇచ్చేసింది. ఆ రోజు మెస్‌లో నా పక్కన కూర్చుని అంది: "నీకు చెయ్యి తిరిగిందమ్మా. అడగడం ఇంకా రాలేదు. ముట్టుకోవడానికి ఎప్పుడూ భయపడకు. కానీ అందరిదీ అయినప్పుడు ముందు అడుగు, ఒక కాపీ పక్కన పెట్టు, ఆ తర్వాత ముట్టుకో."

ఆ మాట మీకు అందించడమే నా పని. దానితోపాటు, ఇంట్లో గానీ హాస్టల్లో గానీ కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇంకొన్ని చిన్న సంగతులు.

ముఖ్యమైన ఫైలు మూడు చోట్ల ఉండాలి. ఒకటి మిషన్‌లో, ఒకటి పెన్ డ్రైవ్‌లో, ఒకటి మీ ఈమెయిల్‌లో. రోజూ పని ముగించగానే మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. దానికి పైసా ఖర్చు లేదు.

మిషన్ నిదానిస్తే ఫార్మాట్ మీదికి పోకండి. ముందు రీస్టార్ట్ చేయండి. కొత్త విండోస్‌లలో షట్‌డౌన్ చేసినా కొంత సంగతి దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. రీస్టార్ట్‌తోనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. సి డ్రైవ్ నిండిపోయిందేమో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే ఏది ఎక్కువ బరువు పెడుతోందో కనిపిస్తుంది. హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్‌మని శబ్దం వస్తుంటే మాత్రం రిపేరు సంగతి తర్వాత, ముందు కాపీ తీసుకోండి.

ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టి వాడకండి. గాలి రంధ్రాలు మూసుకుని వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ ఆపి షాపుకు తీసుకెళ్లండి, గుచ్చడం, నొక్కడం చేయకండి.

జిరాక్స్ షాపులో పెట్టిన పెన్ డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారితే కంగారు వద్దు. ఆ వైరస్‌లు చాలాసార్లు అసలు ఫైళ్లను చెరపవు, దాచిపెడతాయి. ఆ షార్ట్‌కట్‌ల మీద నొక్కకుండా యాంటీవైరస్‌తో వెతికించి, దాచిన ఫైళ్లు చూపించమని సెట్టింగుల్లో అడగండి. "మీ కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే అది మోసం. ఆ నంబరుకు ఫోన్ చేయవద్దు.

విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో కంపెనీ మద్దతు ముగిసింది. అంతమాత్రాన పాత మిషన్‌ను పాత సామాన్లవాడికి వేయనక్కర్లేదు. విండోస్ 11 పట్టకపోతే లినక్స్ మింట్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. నోట్సు రాసుకోవడానికి, దరఖాస్తులకు అవి చాలు. అది వేసే ముందు ఏం చేయాలో మీకు ఇప్పటికే తెలుసు.

చివరగా ఈ సంచిక తయారవుతున్నప్పటి ముచ్చట. ఒక చెల్లెలు డీటీపీ షాపులో కొట్టించిన కవిత ఇక్కడ తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. "అక్కా, నా కవిత పోయింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పోలేదు. అది అను ఫాంటులో కొట్టింది, మన మిషన్‌లో ఆ ఫాంటు లేదు. షాపులో యూనికోడ్‌లోకి మార్పించి తెచ్చాక అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. మీరు ఈ పుస్తకంలో చదువుతున్నారు.

ఆ చెల్లెలు ఫైలు తెచ్చిచ్చినప్పుడు నేను మొదట అడిగిన మాట "కాపీ ఉందా?" అని. ఉందంది. అప్పుడే తెరిచాను.

మీ అక్క,
ఎం.ఏ. ఎకనామిక్స్, చివరి సంవత్సరం