గేటు కింద కాలువ

ఆకాశం మబ్బు పట్టిందంటే చాలు, ఆ ఇంట్లో ముందుగా అటక ఎక్కేది బియ్యం డబ్బా. తర్వాత ఇంటి కాగితాల సంచి. ఆ తర్వాత మంచం కాళ్ల కింద ఇటుకలు. రిటైరైన లెక్కల సారు, ఆయన భార్య... ఉండేది ఇద్దరే. అయినా పావుగంటలో పని ముగిసిపోతుంది. ఏళ్ల అలవాటు మరి!

హైదరాబాద్‌లో ఓ చెరువుకు దిగువన ఉందా కాలనీ. 1987లో అక్కడ 200 గజాలు కొన్నప్పుడు చుట్టూ పొలాలే. 2000 ఆగస్టులో నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఎప్పుడో ఒకసారి వచ్చే వానేలే అనుకుని గుమ్మం ముందు అడుగున్నర గోడ కట్టించారు. తర్వాత రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దానిమీదే కొత్తది వేశారు. రోడ్డు ఎత్తు పెరిగింది. గోడ పొట్టిదైపోయింది. 2020 అక్టోబరు 13 రాత్రి నీళ్లు ఆ గోడ దాటి కిటికీల దాకా వచ్చాయి. ఇద్దరూ మేడమీద గొడుగు కింద తెల్లవార్లూ కూర్చున్నారు. వెనక సందులోని రేకుల ఇళ్లకైతే మేడ కూడా లేదు.

నీళ్లు తీశాక సారు మున్సిపాలిటీకి గట్టిగా ఓ అర్జీ రాద్దామని కూర్చున్నారు. లెక్కల మనిషి కదా, ముందు లెక్క వేశారు. 200 గజాల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 16,700 లీటర్లు. అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండాక ఇంకా మిగులుతాయి! మట్టి వాకిలైతే కొంత తాగేది. వాకిలంతా సిమెంటు చేయించింది తనే. కాలనీలో అన్ని ఇళ్లదీ అదే తీరు. ఇంటికి మూడు ట్యాంకర్లు ఒకేసారి రోడ్డు మీదికి వదిలితే పోయేదెటు? అర్జీ సగంలో ఆగిపోయింది.

జవాబు చెప్పింది వీధి చివర టీకొట్టు దగ్గర కూర్చునే ఓ ముసలాయన. ఆయన తండ్రి ఒకప్పుడు ఆ చెరువుకు నీరటి. తూములెత్తి పొలాలకు నీళ్లు పంచేవాడు, కట్టను కనిపెట్టుకుని ఉండేవాడు.

‘‘సారూ, మీ గేటున్నకాడ్నే మత్తడి కాలువ పారుతుండె. ఆనకాలమొస్తే మేం ఆడ చాపలు పట్టెటోళ్లం’’ అన్నాడాయన నవ్వుతూ.

సారుకు నవ్వు రాలేదు.

ఈ ప్రాంతపు పాత చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండితే మత్తడి దూకి, కాలువ గుండా కింది చెరువుకు, చివరికి మూసీకి చేరేవి నీళ్లు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేల ప్రాణాలు తీశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెప్పిన మందూ అలాంటిదే... వరదను నగరానికి ఎగువనే ఆపి మెల్లగా వదలమన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ వచ్చాయి. వాన నీటికి కావాల్సినవి రెండే. నిలవడానికి చోటు, వెళ్లడానికి దారి. చాలాచోట్ల ఆ చోటు ప్లాట్లయింది. దారి ఇదిగో, ఇలా బండల కిందికి పోయింది.

కొన్నాళ్లకు నాలా వెడల్పు చేస్తామంటూ సర్వేవాళ్లు వచ్చారు. సారు వరండాలో నాలుగడుగుల లోపల ఎర్రగీత పడింది. కొడుకు పెళ్లికని 2014లో ముందుకు జరిపి కట్టించిన వరండా అది. పది మీటర్ల లోపు నాలా పక్కనైనా రెండు మీటర్లు వదలాలని 2012 నిబంధనల్లోనే ఉంది. అప్పుడు ఆయన అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు.

ఆ సాయంత్రం కాలనీవాళ్లు వచ్చారు. ‘‘కోర్టుకెళ్దాం సార్‌. పెద్దవారు, మొదటి సంతకం మీరే పెట్టాలి.’’ వాళ్లలో ఒకాయనకు ముందు గది మొత్తం పోతుంది. అప్పుచేసి, రిజిస్ట్రేషన్‌ చేయించుకుని కొన్న ఇల్లు. ఆయన బాధా నిజమే.

వాళ్లు వెళ్లాక భార్య అంది. ‘‘సంతకం పెట్టకండి. నాలుగడుగులు పోతే పోనివ్వండి. ఇటుకలెత్తే ఓపిక నాకిక లేదు. అయినా మన గోడకు తగిలిన నీళ్లు ఎటు పోయాయో మీరు చూడలేదా? వెనక సందు పిల్లల పుస్తకాలు మన మేడమీదేగా ఎండబెట్టారు!’’

సారు సగంలో ఆపిన అర్జీ మళ్లీ తీశారు. ‘నా వరండా తీసుకోండి. గదులు పోయేవాళ్లకు ముందు పరిహారం ఇవ్వండి. నాలా మాత్రం చెరువు నుంచి మూసీ దాకా ఎక్కడా సన్నబడకూడదు. ఇక్కడ వెడల్పు చేసి కింద ఇరుకుగా వదిలితే మా ఇంటి నీళ్లు ఇంకొకరి ఇంట్లోకి పోతాయి’ అని రాశారు. సంతకం ఒక్కటే... ఆయనది.

ఇప్పుడా ఇంటికి వరండా లేదు. గేటు లోపలికి జరిగింది. దాని ముందు కాంక్రీటు గోడల మధ్య నాలా పారుతోంది. మొన్నటి వానకు ఇంట్లోకి చుక్క రాలేదు. అయినా ఆవిడ ఇటుకలు పారేయలేదు. రెండు వీధుల అవతల నాలా ఇంకా ఇరుగ్గానే ఉంది. ‘‘అక్కడెవరికైనా పనికొస్తాయిలెండి’’ అంటూ మెట్ల కింద పేర్చి ఉంచింది.