పెన్న చెక్కిన రాతిగోడలు

కొడవలూరు యౌవనస్థులతో కలిసి కడప జిల్లాలోని గండికోటకు వెళ్ళాను. చలిదేశాలలో హిమానీనదాలు కొండలను గిన్నెలవలె తొలుస్తాయి. ఇక్కడ ఆ పని పెన్నానది చేసింది. ఎర్రమల కొండలను కోసి, సుమారు 300 అడుగుల లోతైన లోయను ఏర్పరచింది.

మేము నిలిచిన అంచున కంచె లేదు. ఒక కుర్రవాడు ఫొటో కోసం చివరి బండమీదికి వెళ్ళాడు. "వెనక్కి రా నాయనా!" అని కేక వేశాను. అతని కాలిక్రింది చిన్నరాయి జారిపోయింది. దాని చప్పుడు కొంతసేపటికి గాని వినబడలేదు. అతడు మెల్లగా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరమూ వణికిపోయాము.

కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, మన నెల్లూరు తీరాన సముద్రంలో కలిసే నది ఇదే. మన వరిచేలను తడిపే పెన్న ఈ రాళ్ళ నడుమనుంచే వస్తుంది. ప్రియులారా, కుటుంబసమేతంగా వెళ్ళి చూడండి. పిల్లల చేతులు మాత్రం వదలకండి.