బిలాస్‌పూర్ చెరువుగట్టున వేట పాఠాలు

బిలాస్‌పూర్ అనగానే మన ఉద్యోగులలో చాలామందికి బొగ్గు నింపుకొని బారులు తీరిన గూడ్సు బండ్లే స్ఫురిస్తాయి. అది సహజమే. ఆనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే 1891లో నాగపూర్–ఆసన్‌సోల్ మార్గాన్ని తెరవడంతోనే ఈ ఊరి జాతకం మారింది. కట్నీ వైపు చీలిన శాఖ దీనిని పెద్ద జంక్షనుగా నిలబెట్టింది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయిన తరువాత, ఉత్తరాంధ్ర నుండి రైల్వే కొలువులకు వచ్చేవారికి దారి మరింత సుగమమైంది. 2003 నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. బుధవారీ బజారులో కూరగాయల బేరాల నడుమ శ్రీకాకుళం యాస చెవిన పడితే కొత్తగా వచ్చినవారు ఆశ్చర్యపడతారేమో గాని, అక్కడివారికి అది వింత కాదు.

ఈ వ్యాసం రైళ్ళను గురించినది కాదు. ఆ రైలుపట్టణం చుట్టూ ఉన్న చెరువులమీద శీతకాలపు వేకువన వాలే బాతులను గురించి, వాటిని వేటాడడం నేర్చిన ఒక తరాన్ని గురించి.

ఛత్తీస్‌గఢ్ వరిసీమ; వరి ఉన్నచోట చెరువు ఉండక తప్పదు. బిలాస్‌పూర్‌కు 25 కిలోమీటర్ల దూరాన ఉన్న రతన్‌పూర్ ఒకప్పుడు కలచూరి రాజుల రాజధాని. ఆ ఊరి చెరువుల లెక్క అడిగితే పెద్దలు ‘ఛై ఆగర్ ఛై కోరీ’ అంటారు. కోరీ అంటే ఇరవై. ఆరు ఇరవైలు, ఆ పైన మరో ఆరు, వెరసి 126. ఇప్పుడు లెక్కపెడితే అన్ని తేలవు గాని, మాట మాత్రం నిలిచి ఉంది. రతన్‌పూర్‌కు సమీపంలో ఖారంగ్ నదిమీద ఖూటాఘాట్ జలాశయం ఉన్నది. బిలాస్‌పూర్ నగరానికి చేరువలోనే కోప్రా జలాశయం ఉన్నది. కోతలు ముగిసి పొలాలలో గింజలు రాలే వేళకు, అంటే కార్తిక మార్గశిరాలలో, ఉత్తరదేశపు బాతులు ఈ నీళ్ళమీద దిగుతాయి. ఫాల్గుణం వెళ్ళేసరికి తిరుగు ప్రయాణం కడతాయి.

వాటిలో అందరి కన్నూ పడేది, తెల్లని తలమీద రెండు నల్లని పట్టీలున్న పెద్ద బాతు. ఆంగ్లంలో బార్ హెడెడ్ గూస్ అంటారు. టిబెట్, మంగోలియా సరస్సుల వద్ద పిల్లలను పెంచి, హిమాలయాలను దాటి మన దేశానికి వస్తుంది. వీపుకు పరికరాలు కట్టి పరిశీలించినపుడు ఏడువేల మీటర్లకు పైబడిన ఎత్తులో ఎగిరినట్లు నమోదైంది. మన కావ్యాలలోని హంస ఇదేనని కొందరు పండితుల అభిప్రాయం. బాతుకూ ఈ పక్షికీ వాడుకలో మనకు ఒకే మాట ఉండడం నాకు లోటుగానే తోస్తుంది.

బ్రిటిషు కాలంలో ఇటువంటి చెరువులు తెల్ల అధికారులకు క్రీడారంగాలు. స్టూవర్ట్ బేకర్ 1908లో భారతదేశపు బాతుల మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ఆ కాలపు సంబరం ఎంత దూరం వెళ్ళిందో తెలియాలంటే భరత్‌పూర్ చూడాలి. 1938 నవంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం అక్కడ ఒక్కరోజులో 4,273 పక్షులను కూల్చింది. దానిని వేట అనడానికి నాకు నోరు రాదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వేట అంత ఆర్భాటమైనది కాదు. ఉద్యోగరీత్యా నేను అక్కడ ఉన్న రోజులలో మా పొరుగున ఒక విశ్రాంత గూడ్సు గార్డుగారు ఉండేవారు. బొబ్బిలి ప్రాంతంవారు. 1960 దశకంలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు వద్ద ఆయన బాతుల వేట నేర్చుకొన్నారు. నేర్చుకొన్న క్రమాన్ని ఆయన చెప్పగా ఎన్నో సాయంత్రాలు విన్నాను.

“మొదటి చలికాలమంతా నాకు తుపాకీ ఇవ్వలేదు బాబూ. గట్టున కూర్చోబెట్టి, ఎగిరే పిట్ట పేరు చెప్పమనేవాడు. పేరు తెలియని పిట్ట మీదికి తుపాకీ ఎత్తకూడదు, అదే మొదటి పాఠం” అనేవారు.

వేకువ మసకలో రంగులు కనబడవు. కనుక ఆకారం, రెక్కల ఊపు, గొంతు, వీటినిబట్టే పోల్చుకోవాలి. సన్నని పొడవాటి మెడ, సూదివంటి తోక ఉంటే సూదితోక బాతు. మూతి గరిటెవలె వెడల్పయితే గరిటెమూతి బాతు. గుండ్రని రెక్కలతో నింపాదిగా ఎగురుతూ ఈల వేసేది ఈలబాతు. మన వైపు చిలువ అంటారు. నీటినుండి లేచే తీరులోనూ భేదముంది. తల ముంచి తోక పైకెత్తి మేసే జాతులు ఉన్నచోటనుండే నిట్టనిలువుగా లేస్తాయి. లోతుకు మునిగి మేసే జాతులు నీటిమీద కొంతదూరం పరుగెత్తి గాని లేవలేవు.

రెండవ పాఠం గాలి. బాతు గాలికి ఎదురుగా దిగుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది. గుప్పెడు ధూళి జారవిడిచి గాలివాటు చూడకుండా తుంగలో చోటు ఎంచుకొన్నవాడు ఆ పూట ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళవలసిందే. మూడవది దూరం. పన్నెండు బోరు తుపాకీలోని చిన్న రవ్వలు నలభై గజాలు దాటితే చెదరిపోతాయి. పక్షిని చంపవు, గాయపరచి వదులుతాయి. ఇక గురి సంగతి. రవ్వలు చేరేలోగా బాతు ముందుకు సాగిపోతుంది. అందుచేత దాని ముక్కుకు ముందున్న ఖాళీ ఆకాశానికి గురి పెట్టి, తుపాకీని పక్షితోపాటే కదిలిస్తూ పేల్చాలి. “బండి పరుగులో ఉండగా జెండాలు ఊపుకొనే మాకు ఈ లెక్క తొందరగానే పట్టుబడిందిలే” అని నవ్వేవారు.

చివరి పాఠం కఠినమైనది. కూలిన పక్షి చేతికి అందేదాకా రెండవ గుండు పేల్చరాదు. ఒక పుష్యమాసపు వేకువన తొందరపడి ఆయన కూల్చినది చక్రవాకం. కవులు జక్కవ అన్నది దానినే. దాని మాంసం రుచించదని వేటగాళ్ళు సాధారణంగా విడిచిపెట్టే పక్షి. గాయపడి తుంగలో దూరింది. నడుములోతు చన్నీళ్ళలో మధ్యాహ్నం దాకా ఆయనచేత వెదికించాడట ఆ గురువు. రెండవ జక్కవ తలమీదుగా తిరుగుతూ అరుస్తూనే ఉన్నదట. “అంతటితో మానేశానని చెబితే అబద్ధం బాబూ. చట్టం వచ్చేదాకా వెళ్ళాను. కాని మళ్ళీ పేరు తప్పలేదు” అన్నారు.

ఆ చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అది కొన్ని జాతులకు లైసెన్సు వేటను కొంతకాలం మిగిల్చింది. 1991 సవరణతో ఆ లైసెన్సులూ పోయాయి. నేడు మన దేశంలో అడవిబాతును వేటాడడం జైలుశిక్షకు తగిన నేరం. అదే 1991 నాటికి అమెరికాలో నీటిపక్షుల వేటకు సీసపు రవ్వలను పూర్తిగా నిషేధించారు. చెరువు అడుగున పడిన రవ్వలను బాతులు గులకరాళ్ళని భ్రమించి మింగుతాయి. కందనకాయలో అరిగిన సీసం విషమై వాటిని చంపుతుంది. పేల్చిన తుపాకీ మూలపడిన తరువాత కూడా చావులు ఆగవన్నమాట. ఆ దేశంలో వేట ఇప్పటికీ చట్టబద్ధమే. అయితే వేటగాడు 1934 నుండి అమలులో ఉన్న బాతుల స్టాంపు కొనాలి. ఏ జాతిని ఎన్నింటిని కొట్టవచ్చునో పరిమితి ఉంటుంది. కనుక అక్కడ కూడా కొత్తవాడు మొదట నేర్వవలసినది పేర్లే.

గార్డుగారి విద్య తుపాకీతో పాటు పాతబడిపోలేదని నా విశ్వాసం. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. అందులో ‘బాతులు చాలా ఉన్నవి’ అని రాస్తే చెల్లదు. ఏ జాతివి ఎన్ని అన్నది కావాలి. ఒక జలాశయానికి రామ్‌సర్ గుర్తింపు ఇవ్వడానికి చూసే ప్రమాణాలలో ఒక జాతి మొత్తం సంఖ్యలో కనీసం నూటికొక పాలు అక్కడ చేరడం ఒకటి. మసక వెలుతురులో రెక్కల ఊపునుబట్టి జాతిని చెప్పగల కన్ను లేకపోతే ఆ లెక్క తేలదు. కోప్రా జలాశయానికి 2025 డిసెంబరులో ఆ గుర్తింపు లభించింది. ఛత్తీస్‌గఢ్‌లో ఇదే మొదటిది. అటువంటి కన్ను తుపాకీ పట్టిన తరంలో కొందరికి ఉండేది. వారు ఒక్కరొక్కరుగా వెళ్ళిపోతున్నారు. గార్డుగారు మాత్రం తన మనుమలను గట్టున కూర్చోబెట్టి, తాను నేర్చిన క్రమంలోనే పేర్లు అడిగేవారు. దుర్భిణి ఒక్కటే, వంతులవారీగా చూడాలి. పేరు తప్పినవాడికి వంతు పోతుంది.

శీతకాలంలో ఆ వైపు వెళ్ళే మన ఉద్యోగుల కుటుంబాలు ఒక వేకువను ఇందుకు కేటాయించవచ్చును. సూర్యోదయానికి ముందే గట్టు చేరాలి. సూర్యుడు వీపువైపు ఉండేలా చోటు చూసుకోవాలి. బూడిదరంగు, మట్టిరంగు దుస్తులు మేలు. జనవరి మొదటివారంలో ఖూటాఘాట్ వనభోజనాల జనంతో, పాటల హోరుతో నిండిపోతుంది కనుక ఆ వారాన్ని తప్పించుకోవడం మంచిది. పట్టీల తల బాతులు రాత్రివేళ పొలాలలో మేసి, పగలు నీటి నడుమనో ఒడ్డుననో విశ్రమిస్తాయి. దగ్గరకు పోయి లేపితే ఆ పూటకు వాటి విశ్రాంతి పోయినట్లే. పిల్లలకు మొదటిరోజు ఈలబాతు ఒక్కటి తెలిసినా చాలును. అది వలస వచ్చినది కాదు, ఏడాది పొడుగునా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. మళ్ళీ వెళ్ళినపుడు పోల్చుకోవడానికి అక్కడే దొరుకుతుంది.