మనోళ్ళ స్కోరు ఎంత?

పరీక్షలు అయిపోయినాయి కాబట్టి ఈసారి కొంచెం పెద్ద పోస్టే పెడతన్నా. ఓపికున్నోళ్ళు చదవండి, లేనోళ్ళు లైకు కొట్టి పొండి.

ఆత్మకూరులో మా గదిలో నలుగురం. నేను యానాది, మా ఊరు ఉదయగిరి పక్కన. ఒకడు ఎరుకల, ఇద్దరు సుగాలీలు. ఏ సినిమా వచ్చినా, ఏ మ్యాచ్ జరిగినా మా గదిలో ముందు పుట్టే ప్రశ్న ఒకటే: ఇందులో మనోళ్ళెవరన్నా ఉన్నారా? ఉంటే ఎవరి ఖాతాలో వెయ్యాల? గోడ మీద సుద్దముక్కతో స్కోరు కూడా రాసుకున్నాం.

సుగాలీలది మొదట్నుంచీ పైచెయ్యే. మలావత్ పూర్ణ పేరెత్తితే మేం నోరు మూసుకోవాల్సిందే. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకులంలో చదువుకుంటా 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేసింది. అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలా. మా గదిలో సుగాలీ వాడొకడు ఉదయగిరి దుర్గం ఎక్కి వచ్చి మూడు రోజులు కాళ్ళకు నూనె రాయించుకున్నాడు. పూర్ణ మాట వస్తే మాత్రం వాడే ఎక్కినట్టు ఛాతీ విరుస్తాడు.

అసలు గొడవ 'జై భీమ్' దగ్గర వచ్చింది. 2021 నవంబర్ 2న వచ్చిందది. మేం ఈ మధ్య మళ్ళీ చూశాం, ఒకే ఫోనులో నాలుగు తలకాయలు. పొలంలో ఎలకలు పట్టడం, పాములు పట్టడం, కులం సర్టిఫికెట్టు కోసం తిరగడం చూసి, "ఇది యానాదుల ఖాతా, రాయండి" అన్నా. ఇరుళర్లు మనకు అన్నదమ్ముల్లాంటోళ్ళే గదా. మా ఎరుకల మిత్రుడు ఫోను లాక్కొని ఏందో వెతికాడు. వాడి మొహం వెలిగిపోయింది. "అసలు కేసు 1993లో కడలూరు జిల్లాలో జరిగిందిరా. చనిపోయిన రాజాకన్ను ఇరుళర్ కాదు, కురవ. తమిళనాడు కురవలంటే మా ఎరుకలోళ్ళే. కథ మాది, సినిమా మీకిచ్చారు!"

రెండు గంటలు కొట్లాడుకున్నాం. చివరికి చెరి అర పాయింటు.

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, మేం అంతసేపు వాదులాడుకున్నది లాకప్పులో చచ్చిపోయిన మనిషి కోసం. దొంగతనం చేశాడని పట్టకపోయిన మనిషి. బ్రిటిషోళ్ళు రాసిన 'నేరస్థ తెగల' పట్టీలో ఎరుకలోళ్ళూ ఉన్నారు, యానాదులూ ఉన్నారు. ఆ చట్టం 1952లో పోయింది. అయినా మా ఊళ్ళో ఇప్పటికీ ఏ ఇంట్లో బిందె పోయినా ముందు మా వీధి వైపే చూస్తారు. ఆ పాయింటు నాకొద్దు, కావాలంటే రెండు అరలూ వాడే తీసుకోవచ్చు.

సరిగ్గా నాలుగేళ్ళకు, మళ్ళీ నవంబర్ 2నే, ఆడపిల్లలు వన్డే ప్రపంచ కప్పు గెలిచారు. 2025, నవీ ముంబయి. దక్షిణాఫ్రికా మీద 52 పరుగులు. షెఫాలీ 87 కొట్టింది, దీప్తి అయిదు వికెట్లు తీసింది. మా కళ్ళు మాత్రం శ్రీచరణి మీదే. ఆమె గిరిజన అమ్మాయి కాదు, ఆ సంగతి మాకూ తెలుసు. కానీ ఉదయగిరి నుంచి పడమటికి చూస్తే వెలిగొండలు, అవి దాటితే ఆమె కడప జిల్లా. అనెకా బాష్‌ను సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసినప్పుడు మంచం కోడు విరిగింది. కొండకు అవతలి పిల్ల కాబట్టి కొండకు ఒక పాయింటు రాశాం.

'పుష్ప' గురించి తక్కువే చెప్తా. ఎర్రచందనం మన కొండల్లోనూ ఉంది, అడివంటే మనకు ఒకరు చెప్పేదేముంది? మా తాతకు చూపిస్తే ఒకటే అడిగాడు: "అబ్బయ్యా, భుజం అట్టా పైకి లేసిపోయుంటే దుంగ ఎట్టా మోస్తాడు?" దాంతో మా గదిలో పుష్పకు సున్నా.

మరి యానాదులకు సొంత పాయింటేదీ? శ్రీహరికోట నుంచి రాకెట్టు లేసినప్పుడల్లా నేను చెయ్యెత్తుతా. 1969లో ఆ దీవిని ఎంచుకునేటప్పటికే అక్కడ మనోళ్ళు కాపురాలుండారు. "స్థలం మీది, రాకెట్టు మీది కాదు" అని కొట్టేస్తారు దొంగలు.

అందుకని చివరి అస్త్రం తీశా. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అని ఇద్దరు ఇరుళర్లు. ఇక్కడ నాగుపాముల్ని పట్టినట్టే, 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు పోయి, అక్కడ చిత్తడి అడవుల్లో పెరిగిపోయిన కొండచిలువల్ని పట్టారు. మొదటి ఎనిమిది రోజుల్లోనే 13. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ. అన్నదమ్ముల కోటాలో నాకు పాయింటు వచ్చింది, ఎరుకల వాడు గొణుగుతానే రాశాడు.

సెలవులకు ఇంటికి పోయి ఈ సంగతి మా మామకు చెప్పా. మామ పాములు పడతాడు. అడ్వాన్సు కింద తీసుకున్న అప్పు తీరక ఏళ్ళ తరబడి ఒక నిమ్మతోటలో కాపలా ఉంటున్నాడు. పద్మశ్రీ గురించి ఏమీ అడగలా. కొండచిలువ పొడుగెంతో కూడా అడగలా.

"వాళ్ళను మళ్ళీ ఇంటికి రానిచ్చినారా?" అన్నాడు.

"వచ్చినారు మామా, విమానంలో."

"కూలి?"

"ఇచ్చినారు."

కాసేపు బీడీ తాగి, "అయితే పోవచ్చు" అన్నాడు.