రాతి దుమ్ము దారిలో పొరుగువాడు

బనగానపల్లె పేరు వినగానే మనకు మామిడిపండు గుర్తుకు వస్తుంది. 1948 వరకు నవాబుల ఏలుబడిలో ఉన్న ఈ చిన్న సంస్థానం పేరు దేశమంతటా మోసుకెళ్లింది ఆ పండే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. 2022 నుండి ఈ ఊరు నంద్యాల జిల్లాలో ఉంది. అయితే పాణ్యం దాటి ఇటు వచ్చే ప్రయాణికుని కంటికి పండుకంటే ముందు కనబడేది రాయి.

ఇది నాపరాళ్ల సీమ. పలుకూరు గనుల్లోను, బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లోను వేలాది కుటుంబాలకు రాయే అన్నం పెడుతుంది. ఇంటి నేలకు నాపరాయి, పైకప్పుకు నాపరాయి, చేని గట్టున కంచెకు కూడా నాపరాయి. బండలు మోసే లారీల నుండి జారిన పెంకులు, కంకర, తెల్లని రాతిపొడి రోడ్ల అంచున పేరుకొని ఉంటాయి. ఆ అంచునే బడిపిల్లలు, పాలు పోసేవారు, కూలికి పోయేవారు సైకిళ్ల మీద వెళ్తుంటారు. వెనుక నుండి లారీ హారన్ మోగగానే పక్కకు తిప్పుతారు. చక్రం పొడిలో జారుతుంది. అరచేతులు, మోచేతులు, మోకాళ్లు గీరుకుపోతాయి.

“చిన్న దెబ్బే, అదే మానుతుందిలే” అని లేచి దుమ్ము దులుపుకొని వెళ్లిపోవడం మనవారి అలవాటు. ఇంటికి చేరాక ఒకరు పసుపు అద్దుతారు, ఒకరు కాఫీపొడి, మరొకరు సున్నం. చేనిలో పడితే గడ్డిచామంతి ఆకు పసరు పిండుతారు. ప్రేమతోనే చేస్తారు. కాని గాయంలో చిక్కిన రాతిపొడి లోపలే ఉండి, దాని మీద మరొక పొడి చేరుతుంది. పైకి పక్కు కడుతుంది, అడుగున చీము పడుతుంది. రేణువులు చర్మంలోనే ఉండిపోతే, గాయం మానినా పచ్చబొట్టువంటి నల్లని మచ్చ జీవితాంతం నిలుస్తుంది.

గీరుకుపోయిన గాయానికి మొదటి మందు నీళ్లు. సహాయం చేసేవారు ముందు తమ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టాలి. తరువాత తాగడానికి పనికివచ్చే నీటిని ధారగా, తొందరపడకుండా, మన్నంతా పోయేవరకు గాయం మీద పోయాలి. చుట్టూ ఉన్న చర్మాన్ని సబ్బుతో కడగాలి. నీటికి పోని రేణువులను తడిపిన మెత్తని గుడ్డతో గాని, మరిగించి చల్లార్చిన చిన్న పట్టకారుతో గాని తీయాలి. పైచర్మం లేచిపోయి నరాల కొసలు బయటపడతాయి గనుక కోసుకున్న గాయం కంటే ఇది ఎక్కువగా మండుతుంది. బిడ్డ ఏడుస్తాడని కడగడం మానరాదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి గాయంలో పోయనవసరం లేదు. అవి కొత్తగా ఎదిగే చర్మాన్ని కూడా దెబ్బతీస్తాయి.

“గాలి తగిలి ఆరితేనే మానుతుంది” అని మన పెద్దల మాట. కాని 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద పరిశోధన చేసి, ఆరి పక్కు కట్టిన గాయం కంటే తడి ఆరకుండా కప్పిన గాయం మీద చర్మం త్వరగా ఎదుగుతుందని చూపాడు. కాబట్టి కడిగిన గాయానికి పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి, అంటుకోని కట్టు వేసి, రోజూ మార్చాలి. ఈగలు, దుమ్ము ఎక్కువగా ఉన్న మన పల్లెల్లో కట్టు మరీ అవసరం.

ధనుర్వాతం సంగతి మరువరాదు. ఆ క్రిమి బీజాలు మట్టిలోను పశువుల పేడలోను ఉంటాయి. గాయంలో మన్ను పడి, చివరి సూది వేయించుకొని ఐదేళ్లు దాటినా, ఎప్పుడు వేయించారో తెలియకపోయినా, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలి.

గాయం లోతుగా ఉన్నా, రేణువులు రాకపోయినా, గాయపడినవారికి షుగరు వ్యాధి ఉన్నా డాక్టరుకు చూపాలి. ఎరుపు పాకుతూ, వాపు, చీము, జ్వరం వస్తే ఆలస్యం చేయరాదు. తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు కలిగినా, సైకిలు హ్యాండిల్ పొట్టలో గుచ్చుకొని బిడ్డ కడుపునొప్పి అన్నా, పైకి గీత కూడా కనబడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. లోపలి అవయవాలు దెబ్బతిని ఉండవచ్చు.

లూకా సువార్త పదవ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం కూడా ఒక దారి కథే. యెరూషలేము నుండి యెరికోకు దిగే ఆ దారి కూడా సున్నపురాతి కొండల గుండా సాగేదే. యాజకుడు, లేవీయుడు చూసి పక్కగా వెళ్లారు. సమరయుడు మాత్రం ఆగాడు. గాయాలను చూశాడు, ఆ కాలంలో తెలిసిన మందు అయిన నూనెను, ద్రాక్షారసాన్ని పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, ఖర్చు కూడా భరించాడు. ప్రభువు ఆ పనులను ఒక్కొక్కటిగా చెప్పడం గమనించండి. జాలిపడటంతో ఆయన కథను ముగించలేదు.

మన సీమలోనూ అటువంటి సేవకు సాక్ష్యం ఉంది. లండన్ మిషన్ వారు జమ్మలమడుగులో స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రి పందొమ్మిదవ శతాబ్దపు చివరి నుండి ఈ ఎండసీమ ప్రజల గాయాలు కట్టింది. అందరూ ఆసుపత్రులు కట్టలేరు. కాని ప్రతి పల్లె మందిరంలో ఒక పెట్టె ఉంచగలం. అందులో సబ్బు, గాజుగుడ్డ, అంటుకోని కట్టు, పెట్రోలియం జెల్లీ, పట్టకారు ఉంటే చాలు. పక్కన ఒక బిందెడు మంచినీళ్లు. స్త్రీల సమాజంలో ఇద్దరు, యౌవనస్థులలో ఇద్దరు గాయం కడగడం నేర్చుకుంటే చాలు.

ప్రియ చదువరీ, ఈ రాతి దారిలో రేపు పడబోయేది నీ బిడ్డ కావచ్చు, పేరు కూడా తెలియని వేరొకరి బిడ్డ కావచ్చు. కులమేదో, మతమేదో అడుగక, సైకిలు పక్కన నిలిపి, నీళ్లు పట్టుకొని వెళ్లు. నీవు అతనికి పొరుగువాడవు.