పేరు తెలియని ఋణదాత

అప్పు చేసినవానికి అప్పిచ్చినవాడెవరో తెలిసి ఉండటం లోకరీతి. అసలు మొత్తం మరచినా ఆ ముఖాన్ని మరువటం సాధ్యం కాదు. కాని గంటగంటకూ అప్పు పెరుగుతూ, దానిని ఎవరికి తీర్చవలెనో తెలియని స్థితి కూడ ఒకటి కలదు. ఇంగ్లండులో ఒక అద్దె ఇంట అడుగిడి మీట నొక్కిన కుటుంబానికి తొలిరాత్రి కలిగే స్థితి అదే. దీపం వెలిగినది, కరెంటు ఎవరిదో తెలియదు. పొయ్యి రాజుకొన్నది, గ్యాసు ఎవరిదో తెలియదు. ఈ కళాశాలలో చదివి, ఉపాధికై లెస్టర్ నగరం చేరిన నేను 2022 నవంబరులో ఆ చిక్కును విప్పుకొన్న విధం ఇక్కడ వ్రాస్తున్నాను. మన పెద్దలు ఇంగ్లండును 'సీమ' అనేవారు. మనది రాయలసీమ. ఈ సీమ నుండి ఆ సీమకు పై చదువులకై వెళ్ళదలచిన విద్యార్థి సోదరీ సోదరులకు ఈ నాలుగు మాటలు ఉపకరించవచ్చునని ఆశ.

మన కర్నూలులో ఈ ప్రశ్నే పుట్టదు. మా తండ్రిగారు అద్దెకున్న ఇండ్లన్నింటను మీటరు యజమాని పేరుననో, లేక స్వర్గస్థులైన యజమాని తండ్రిగారి పేరుననో ఉండేది. పేరు ఎవరిదైతేనేమి, కరెంటు ఇచ్చేది ఒక్కరే. నెలకొకమారు రీడింగు తీసే మనిషి వచ్చి, చేతి యంత్రం నుండి చీటీ చింపి తలుపు సందున పెట్టి పోతాడు. 1999లో రాష్ట్ర విద్యుత్ మండలిని విడదీసిన పిదప కూడ మన ఇంటి దీపానికి దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ ఒక్కటే దిక్కు. మన తగవులు వేరు. ఒకే మీటరు మీద రెండు వాటాలవారు ఉంటే, ఇద్దరి యూనిట్లూ కలిసి పై శ్లాబులోకి ఎక్కుతాయి. ఆపైన ఎవరి ఫ్రిజ్ పెద్దదన్న చర్చ ప్రారంభమవుతుంది. ఆ రసవత్తర ఘట్టాలు పాఠకులకు అనుభవైకవేద్యాలే కనుక విస్తరించను.

బ్రిటనులో గ్యాసు సంస్థను 1986లోను, ప్రాంతీయ విద్యుత్ సంస్థలను 1990లోను ప్రైవేటుపరం చేసినారు. 1999 నాటికి ప్రతి గృహస్థునికీ తనకు నచ్చిన అమ్మకందారును ఎన్నుకొనే హక్కు వచ్చినది. తీగలు, స్తంభాలు మాత్రం ప్రాంతానికొక సంస్థ చేతిలో ఉంటాయి; అట్టి ప్రాంతాలు 14. అనగా తీగ ఒకరిది, ఆ తీగలో ప్రవహించే సరుకును అమ్మేవారు మరొకరు. ఒకే గోడను పంచుకొన్న రెండు ఇండ్లకు ఇద్దరు అమ్మకందారులుండవచ్చును. ఒకే ఇంటిలో కరెంటు ఒకరిది, గ్యాసు మరొకరిది కావచ్చును. పొరుగువారిని అడిగి లాభం లేదు. ఇక చట్టం చూడండి: ఇంటిలో ప్రవేశించి దీపం వెలిగించినంతనే, అప్పటికి ఆ ఇంటికి సరఫరా చేస్తున్న సంస్థతో మనకు ఒప్పందం కుదిరినట్లే. సంతకం అక్కరలేదు, సాక్షులు అక్కరలేదు, ఆ సంస్థ పేరు తెలిసి ఉండవలసిన అవసరం అంతకన్నా లేదు. వివాహాలలో సహితం ఇంత తొందర నేను చూడలేదు.

ఆ సంవత్సరపు శీతకాలం సామాన్యమైనది కాదు. గ్యాసు ధర ఆకాశాన్నంటగా, ప్రభుత్వం 2022 అక్టోబరు 1 నుండి యూనిట్ల ధరను కట్టడి చేసినది. ఆ కట్టడి ధరయే కరెంటు యూనిటుకు సగటున 34 పెన్నీలు, గ్యాసు యూనిటుకు 10.3 పెన్నీలు. దీనికి తోడు, వాడినా వాడకున్నా కరెంటుకు దినానికి సుమారు 46 పెన్నీల స్థిరరుసుము. నా శ్రీమతి అప్పటికి ఏడు నెలల గర్భిణి. మా అమ్మగారు కర్నూలు నుండి ఫోను చేసి, "ఖర్చు చూసుకొని ఇల్లు చల్లబెట్టుకోవద్దు నాయనా" అని ప్రతి దినం చెప్పేవారు. ఖర్చు చూసుకోకుండా ఉండే జీతం కాదు నాది.

నవంబరు 5వ తేదీన సామాను దించుతుండగా పక్కింటి వృద్ధురాలు పలుకరించినది. 1972లో ఉగాండా నుండి ఇదీ అమీన్ వెడలగొట్టగా లెస్టర్‌కు వచ్చి స్థిరపడిన గుజరాతీ కుటుంబాలలో ఆమెది ఒకటి. నాకు గుజరాతీ రాదు; ఆమెకు తెలుగు రాదు. మన కళాశాల వసతిగృహంలో ఉర్దూ శాఖ మిత్రుల సాంగత్యం వలన అబ్బిన భాష మా ఇద్దరికీ వారధి అయినది. నేను ఆమెను 'మాసీ' అన్నాను, ఆమె నన్ను 'బేటా' అన్నది. "పెట్టెలు తరువాత విప్పుకోవచ్చు బేటా, ముందు మీటర్ల అంకెలు ఫోటో తీసుకో" అన్నది. మెట్ల క్రింది అరలో కరెంటు మీటరు 48217 చూపుతున్నది. గ్యాసు మీటరు వాకిటి గోడ పెట్టెలో ఉన్నది. రెండింటినీ తేదీతో సహా ఫోటో తీసినాను.

ఇంటి ఏజెంటును అడుగగా, "పాత కిరాయిదారుకు తెలిసి ఉంటుంది" అన్నాడు. పాత కిరాయిదారు ఎక్కడున్నాడని అడుగగా తెలియదన్నాడు. మీటరు మీద ఒక సంస్థ పేరు అతికించి ఉన్నది. తలుపు వెనుక పడియున్న ఉత్తరాల మీద కూడ అదే పేరు. సంతోషించి ఆ సంస్థ కోసం వెదుకగా, ఆ సంస్థ అప్పటికే గతించినదని తేలినది. 2021, 2022 సంవత్సరాలలో టోకు ధరలకు తాళలేక ముప్పదికి దగ్గరగా సంస్థలు మూతపడినవి. అట్టి సమయాన దీపాలు ఆరిపోకుండా, ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ ఆ వాడుకదారులను మరొక సంస్థకు అప్పగిస్తుంది. కనుక మాకు కరెంటు ఇస్తున్నది మృతసంస్థ కాదు, దాని వారసుడు. వారసుని పేరు ఏ ఉత్తరంలోను లేదు.

మార్గం మరొకటి ఉన్నది. తీగల యాజమాన్యం వద్ద ప్రతి మీటరు జాతకమూ ఉంటుంది. ఇంటి పోస్టుకోడు ఇస్తే మీటరు సంఖ్యను, అమ్మకందారు పేరును ఉచితంగా తెలుపుతారు. ఆ సంఖ్య 13 అంకెలది. తొలి రెండంకెలు ప్రాంతాన్ని తెలుపుతాయి. మాది తూర్పు మిడ్లాండ్స్ కనుక 11తో ప్రారంభమైనది. గ్యాసుకు వేరొక పట్టిక, వేరొక సంఖ్య. అరగంటలో ఇద్దరు ఋణదాతల పేర్లూ తెలిసినవి. ఇద్దరికీ అంకెలు పంపి ఖాతాలు తెరిపించినాను.

గ్యాసు విషయంలో ఒక్క మాట. మా మీటరు పాతకాలపుది, ఘనపుటడుగులు కొలిచేది. దాని అంకెను 2.83తోను, పిదప 1.02264తోను, ఆపైన గ్యాసు ఉష్ణశక్తి విలువతోను (సుమారు 39 లేక 40) హెచ్చవేసి 3.6తో భాగించవలెను. ఒక అంకెకు సుమారు 32 యూనిట్లు వస్తాయి. కొత్త తరహా ఘనపుమీటర్ల మీటరును పాతదిగా భ్రమిస్తే బిల్లు మూడింతలకు దగ్గర పడుతుంది. గణితం మాకెందుకని వాదించే సాహిత్య విద్యార్థులు ఈ వాక్యాన్ని మరొకమారు చదువుదురు గాక.

గ్యాసువారితో పేచీ రాలేదు. కరెంటు బిల్లు డిసెంబరు 12న వచ్చినది: 413 పౌండ్ల 46 పెన్నీలు. నాటి మారకంలో సుమారు నలుబదివేల రూపాయలు. ఐదు వారాలు దీపాలు, ఒక ఫ్రిజ్, ఒక వాషింగు మెషీను నడిపినందుకు! పరిశీలించగా, లెక్క అక్టోబరు 1 నుండి డిసెంబరు 10 వరకు 71 దినాలకు కట్టినారు. తొలి అంకె 47225గా వేసినారు. పాత కిరాయిదారు సెప్టెంబరు 30న అంకె చెప్పి వెళ్ళిపోయినాడట. మరునాటి నుండి ఇంటిలో ఉన్నది నేనేనని వారి ఊహ. నా ఫోటోలోని 48217కు, వారి అంకెకు మధ్య 992 యూనిట్లున్నవి. ఖాళీ ఇల్లు ముప్పదిఐదు దినాలలో 992 యూనిట్లు తిన్నది ఎట్లు?

సమాధానం మాసీ వద్ద దొరికినది. అక్టోబరు నెలంతా పనివారు వచ్చి గోడల చెమ్మ ఆరుటకై రాత్రింబవళ్ళు కరెంటు హీటర్లు పెట్టినారట. మేము దిగిననాడు ఇంటి నిండా కొత్త రంగు వాసన. ఖాళీగా ఉన్న కాలపు ఖర్చు యజమానిది. న్యాయం తేటతెల్లమే, కాని చెప్పటం సులభం కాదు. మాది ఆరు నెలల ఒప్పందం. గడువు ముగిసిన పిదప కారణం చెప్పకయే రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే అధికారం నాడు యజమానికి ఉన్నది. దానిని తొలగించే చట్టం 2025లో గాని రాలేదు. "ఆయనతో పెట్టుకొంటే పసిబిడ్డతో ఎక్కడికి పోదామండీ? మెల్లమెల్లగా కట్టేద్దాం" అన్నది నా శ్రీమతి. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నలుబదివేలు పోతాయన్న బాధ ఒక ప్రక్క, గూడు పోతుందన్న భయం ఒక ప్రక్క.

ఈ సందర్భాన ఒక చిత్రం తోచినది. బాకీ, వసూలు, రసీదు, జమా, హక్కు, కిరాయి: మనం తెలుగనుకొని వాడే ఈ మాటలన్నీ ఉర్దూ, పారసీల ద్వారా మన ఇండ్లకు వచ్చినవే. ఆ చీకటిలో నేను ఆలోచించిన ప్రతి మాటా ఈ జాబితాలోనిదే. అందులో చివరకు 'హక్కు' గెలిచినది.

యజమానిని నిందిస్తూ ఒక్క ముక్కైనా వ్రాయలేదు. సంస్థకు మాత్రం ఫిర్యాదు వ్రాసినాను: ఒప్పందపు తొలిపుట, నవంబరు 5 నాటి ఫోటో, 48217 నుండి 48345 వరకు 128 యూనిట్ల లెక్క. నవంబరు 5కు ముందటి వాడుక నాది కాదనీ, అది ఎవరిదో విచారించవలసిన పని తమదేననీ తెలిపినాను. అక్కడ ఫిర్యాదు ఎనిమిది వారాలలో తీరకపోతే, వాడుకదారు ఖర్చు లేకుండా అంబుడ్స్‌మన్‌కు నివేదించుకోవచ్చును. ఆ సంగతి నాకు తెలుసునని కూడ ఒక వాక్యం చేర్చినాను. ఏజెంటుకు ఒక ప్రతి పంపి, ప్రవేశించిన తేదీని మాత్రం ధ్రువపరచమని కోరినాను. తేదీ అబద్ధమాడటానికి వీలులేనిది కనుక, అతడు ఒక పంక్తిలో జవాబిచ్చినాడు.

ఆరవ వారంలో సవరించిన బిల్లు వచ్చినది. 128 యూనిట్లకు 43 పౌండ్ల 52 పెన్నీలు, 36 దినాల స్థిరరుసుము 16 పౌండ్ల 56 పెన్నీలు, వెరసి 60 పౌండ్ల 8 పెన్నీలు. ఆ దినమే కట్టినాను. మిగిలిన 353 పౌండ్ల 38 పెన్నీలు యజమాని చెల్లించినాడో లేదో నేను అడుగలేదు, నాకెవరూ చెప్పలేదు. మే నెలలో మా ఒప్పందం మరొక సంవత్సరానికి పొడిగించబడినది. అమ్మకందారును ఎన్నుకొనే మహత్తర హక్కును వినియోగిద్దామని ఆ శీతకాలంలో వెదకినాను గాని, అంతకన్న చవుక బేరం నా కంటబడలేదు.

సవరించిన బిల్లు వచ్చేనాటికి మా అమ్మాయి పుట్టి పదిదినాలైనది. మాసీ లాప్సీ వండుకొని చూడవచ్చినది. పసిదానిని ఒడిలోకి తీసుకొనే ముందు, గది గోడకు అరచేయి ఆనించి చూచి, "చెమ్మ బాగా ఆరినది బేటా" అన్నది.